గీత చెరిపింది 1977లో: ఇజ్రాయెల్ సైన్యం గొడవ వెనుక చదువు కథ

యెషివాల్లో, అంటే యూదుల మత పాఠశాలల్లో, చదివే విద్యార్థులను సైన్యంలోకి తీసుకోవాలా వద్దా అన్న గొడవ ఇజ్రాయెల్‌లో మళ్లీ రాజుకుంది. నోటీసు వచ్చినా హాజరుకాని హరేదీ (మతాచారాన్ని కఠినంగా పాటించే యూదు) యువకులను మిలిటరీ పోలీసులు పట్టుకెళ్తున్నారు, నల్లకోట్ల జనం వచ్చి రోడ్డుకు అడ్డంగా కూర్చుంటున్నారు. దూరం నుంచి చూస్తే ఇది మతానికీ సైన్యానికీ మధ్య తగువులా కనబడుతుంది. అసలు తగువు చదువు గురించి. పవిత్ర గ్రంథం రోజూ చదవడం ప్రతి యూదుడి కర్తవ్యమా, లేక కొందరు జీవితాంతం చేసే ఉద్యోగమా?

1948లో తొలి ప్రధాని బెన్ గురియన్ 400 మంది యెషివా విద్యార్థులకు సైన్యం నుంచి మినహాయింపు ఇచ్చిన కథ తెలిసిందే. మలుపు అక్కడ లేదు, 1977లో ఉంది. ఏటా 800 మందికి మించకూడదని 1968లో గీసిన గీత అప్పటిదాకా ఉండేది. ఆ ఏడాది ఎన్నికల్లో గెలిచిన మెనాహెమ్ బెగిన్‌కు ప్రభుత్వం నిలబెట్టుకోవడానికి బొటాబొటి బలమే ఉంది. నలుగురు సభ్యులున్న హరేదీ పార్టీ అగుదాత్ ఇజ్రాయెల్ మద్దతు కావాల్సి వచ్చింది. ఆ ఒప్పందంలో గీత చెరిగిపోయింది. ఆ తర్వాత ‘తోరాతో ఉమనూతో’, అంటే ‘తోరాయే (పవిత్ర గ్రంథమే) ఇతని వృత్తి’ అన్న మాట ఒక తరం మొత్తానికి రక్షణ పత్రం అయింది. 1990ల చివరికి మినహాయింపు పొందినవాళ్ల లెక్క 30 వేల దరిదాపులకు వచ్చింది. 2024లో సుప్రీంకోర్టు ముందున్న లెక్క 63 వేలు.

మనసు చివుక్కుమనేది ఇక్కడే. 1923 ఆగస్టులో వియన్నాలో ఇదే అగుదాత్ ఇజ్రాయెల్ మహాసభలో మేయిర్ షపీరో అనే 36 ఏళ్ల పోలండ్ రబ్బీ లేచి ఒక ప్రతిపాదన పెట్టాడు. యూదులు ఏ దేశంలో ఉన్నా యూదుల మత ధర్మ చర్చల గ్రంథమైన తాల్ముద్‌లో రోజుకో ఆకు చదవాలి, అందరూ అదే ఆకు చదవాలి. ఓడెక్కి న్యూయార్క్‌లో దిగినవాడు అక్కడి సినగాగ్‌కు వెళ్తే, తాను దారిలో చదువుతూ వచ్చిన ఆకే అక్కడా తెరిచి ఉండాలన్నది ఆయన కల. ఆ సెప్టెంబర్ 11న మొదలైన ఈ ‘దఫ్ యోమి’ ఇప్పుడు 14వ విడతలో ఉంది. మొత్తం 2,711 ఆకులు. పూర్తికావడానికి దాదాపు ఏడేళ్ల ఐదు నెలలు పడుతుంది.

దీన్ని గట్టిగా పట్టుకున్నది పొద్దున లేచి పనికి పోయేవాళ్లు. న్యూయార్క్ శివార్ల నుంచి మన్‌హట్టన్ ఆఫీసులకు వెళ్లే లోకల్ ట్రైన్‌లో ఒక బోగీలో ఏళ్ల తరబడి ఈ క్లాసు నడిచింది. పుట మధ్యలో మూలం, పుస్తకం కుట్టు వైపు మధ్యయుగ పండితుడు రాషి వ్యాఖ్య, అవతలి అంచున ఆయన తర్వాతివాళ్ల వ్యాఖ్యలైన తోసఫోత్. మన పారాయణంలా చదువుకుంటూ పోయేది కాదిది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, వాక్యం మీద వేలు పెట్టి, ‘మరి ఆయన అలా ఎందుకన్నాడు?’ అని గొంతెత్తి వాదించుకుంటారు. గంట అయ్యాక పుస్తకం మూసి డ్యూటీకి వెళ్తారు. 13వ విడత ముగింపు వేడుకలో, 2020 జనవరి 1న, న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో చలికి వణుకుతూ దాదాపు 90 వేల మంది కూర్చున్నారు.

నేటి తగువు కూడా తాల్ముద్‌లోనే ఉంది. మొదటి సంపుటం బెరఖోత్, 35వ ఆకు. దున్నే కాలంలో దున్నుతూ, విత్తే కాలంలో విత్తుతూ పోతే తోరా గతేమిటని షిమోన్ బర్ యొహాయ్ అనే పండితుడు అడుగుతాడు. చదువూ సాగూ రెండూ ఉండాలంటాడు మరో పండితుడు ఇష్మాయేల్. ఇష్మాయేల్ చెప్పినట్టు చేసిన చాలామంది నెగ్గుకొచ్చారని, షిమోన్ దారిలో వెళ్లిన చాలామంది నెగ్గుకురాలేకపోయారని తర్వాతి కాలపు పండితుడు అబాయే తేలుస్తాడు. పంట పనుల నెలలు రెండింటిలో నా కంటపడకండి, లేకపోతే ఏడాదంతా తిండి టెన్షనే అని రావా అనే గురువు తన శిష్యులకు చెప్పింది కూడా అక్కడే. ఇష్మాయేల్ బాటలోనే, ‘హెస్దెర్’ యెషివాల్లో మతనిష్ఠ ఉన్న వేలమంది కుర్రాళ్లు చదువునూ సైన్యాన్నీ కలిపి నడుపుతూ వస్తున్నారు. 2023 అక్టోబర్ తర్వాత నెలల తరబడి రిజర్వు డ్యూటీలో గడిపినవారిలో, యుద్ధంలో పోయినవారిలో వాళ్లు చాలామంది.

హరేదీల బాధా ఉత్తిదేం కాదు. షపీరో లుబ్లిన్‌లో 1930లో ప్రారంభించిన మహా యెషివాను నాజీలు 1939లో మూసేశారు. అలా తుడిచిపెట్టుకుపోయిన చదువును మళ్లీ నిలబెట్టాలన్నదే ఆ తొలి 400 మంది వెనుక ఉన్న ఆలోచన. చదువు దేశాన్ని కాపాడుతుందని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు.

తర్వాతిదంతా కోర్టుల చరిత్ర. 2002లో తెచ్చిన చట్టాన్ని 2012లో, 2014 నాటి చట్టాన్ని 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మినహాయింపుకు ఇక చట్టబద్ధత లేదని 2024 జూన్ 25న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఏడాది తర్వాత, 2025 జులైలో, మినహాయింపు చట్టం తేలేదని హరేదీ పార్టీలు ప్రభుత్వం నుంచి బయటికొచ్చాయి.

2024 జూన్ తీర్పు వచ్చిన సరిగ్గా వారానికి, జులై 2న, దఫ్ యోమిలో బావా బత్రా అనే సంపుటంలోని 7వ ఆకు వచ్చింది. ‘పండితులకు కాపలా అక్కర్లేదు’ అన్న మాట ఉన్నది అందులోనే. మినహాయింపు అడిగేవాళ్లు దశాబ్దాలుగా చూపిస్తున్న వాక్యం అది. యెషివాల బల్లల మీదా, ట్రైన్లలోనూ ఆ రోజు అదే పుట తెరుచుకుంది. అక్కడ చర్చ జరుగుతున్నది ఊరి చుట్టూ గోడ కట్టడానికి చందా ఎవరెవరు ఇవ్వాలన్న దాని మీద.