పెద్దపేగు పూతకు పసుపు, నేలవేము, సాంబ్రాణి: అపోహలు - వాస్తవాలు

కడప చుట్టుపక్కల ఊళ్ల నుంచి రక్తం, జిగురు పడే విరేచనాలతో జీర్ణకోశ వైద్యులమైన మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక చెట్టుమందు వాడి ఉంటారు. వాడినందుకు వారిని తప్పుపట్టను; ఆ మొక్కల్లో కొన్నింటికి పేగు వాపును తగ్గించే గుణం ఉందని రోగులపై జరిపిన పరీక్షల్లోనే తేలింది. ఏ మొక్క, ఎంత మోతాదు, ఏ మందుకు తోడుగా అన్నది తెలుసుకోకుండా వాడడమే నాకు ఆందోళన కలిగించే విషయం.

అపోహ: రోజూ పాలలో పసుపు కలుపుకొని తాగితే అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు పూత) తగ్గిపోతుంది.

వాస్తవం: పసుపులోని కుర్క్యుమిన్ వాపును రగిలించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను అణచివేస్తుంది. 2006లో జపాన్ వైద్యులు వ్యాధి అదుపులో ఉన్న 89 మందిపై ఆరు నెలలపాటు జరిపిన పరీక్షలో, రోజుకు 2 గ్రాముల కుర్క్యుమిన్ తీసుకున్నవారిలో సుమారు 5 శాతం మందికే వ్యాధి తిరగబెట్టగా, ఉత్తుత్తి మాత్ర (మందు లేని మాత్ర) తీసుకున్నవారిలో 20 శాతం మందికి తిరగబెట్టింది. అయితే ఆ రెండు వర్గాలవారూ ఈ వ్యాధికి వైద్యులు ఇచ్చే మెసాలమైన్ లేదా సల్ఫాసలజైన్ మాత్రలను ఆపకుండా వాడుతూనే ఉన్నారన్న సంగతి మన దగ్గరికి వచ్చే వాట్సాప్ సందేశాల్లో కనిపించదు. మోతాదు మాట కూడా అంతే ముఖ్యం. మన దేశంలోనే రోజుకు 450 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనబడలేదు. పసుపు పొడిలో కుర్క్యుమిన్ సుమారు 3 శాతమే ఉంటుంది కనుక, చెంచాడు పసుపులో వచ్చేది 100 మిల్లీగ్రాముల లోపే. 2 గ్రాములు కావాలంటే రోజుకు సుమారు 67 గ్రాముల పొడి మింగాలి. మైదుకూరు పసుపు ఎంత మేలైనదైనా ఈ లెక్క పెద్దగా మారదు. కూరలో పసుపు వేసుకోండి, పాలు పడితే పాలలోనూ కలుపుకోండి, కానీ దానిని మందుగా లెక్కించకండి.

అపోహ: మిరియాలు కలపకపోతే పసుపు వంటికి పట్టదు.

వాస్తవం: మిరియాల్లోని పైపరిన్ వల్ల కుర్క్యుమిన్ రక్తంలోకి ఎక్కువగా చేరుతుందన్నది నిజమే. కానీ ఈ వ్యాధిలో పుండు ఉన్నది పెద్దపేగు లోపలి పొరలో. రక్తంలోకి పోకుండా మిగిలిన కుర్క్యుమినే నేరుగా అక్కడికి చేరుతుంది. పైగా పైపరిన్ ఇతర మందులు కాలేయంలో కరిగే తీరును మారుస్తుంది. పైపరిన్ కలిపిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవారి వివరాలు అమెరికా, ఇటలీ వైద్య నివేదికల్లో ఉన్నాయి.

అపోహ: నేలవేము కషాయం తాగితే మాత్రలు అక్కరలేదు.

వాస్తవం: 224 మందిపై 8 వారాలు జరిగిన పరీక్షలో, నేలవేము సారాన్ని రోజుకు 1800 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 60 శాతం మందికి ఉపశమనం కలిగింది, ఉత్తుత్తి మాత్రతో 40 శాతం మందికి కలిగింది. వ్యాధి పూర్తిగా నెమ్మదించడంలో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు, కొందరికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి. అది కొలిచి తయారుచేసిన సారం. ఇంటి కషాయంలో ఎంత మందు దిగిందో చెప్పే వీలు లేదు.

అపోహ: శేషాచలం కొండ సాంబ్రాణి, మందు సాంబ్రాణి ఒకటే.

వాస్తవం: వాపును పెంచే 5-లైపాక్సిజినేజ్ ఎంజైమ్‌ను అడ్డుకునే బోస్వెల్లిక్ ఆమ్లాల మీద జరిగిన పరీక్షలు బోస్వెల్లియా సెర్రాటా అనే అందుగు చెట్టు బంకతో చేసినవి. మన శేషాచలం కొండల్లోనిది బోస్వెల్లియా ఒవాలిఫోలియోలేటా అనే వేరే జాతి. అది ఆ ప్రాంతానికే పరిమితమైనది, అంతరించే ప్రమాదంలో ఉన్నది. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అంటగట్టి, పొగకు వాడే బంకను మింగడం సరికాదు, ఆ చెట్లకు గాట్లు పెట్టడం అంతకంటే సరికాదు.

అపోహ: మొక్క నుంచి వచ్చినది హాని చేయదు.

వాస్తవం: ఒకప్పుడు కడప ప్రాంతంలో రంగు కోసం విరివిగా పండించిన నీలిమందు వంటిదే తూర్పు ఆసియా సంప్రదాయ వైద్యంలో కొలైటిస్‌కు వాడతారు. జపాన్‌లో 86 మందిపై జరిపిన పరీక్షలో దానిని వాడినవారిలో దాదాపు ముప్పావు వంతు మందికి గుణం కనిపించింది. అంత బలమైన ఫలితం ఉన్నా, దానిని సొంతంగా కొని వాడిన ఒకరికి ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగిందని తెలియడంతో ఆ పరీక్షను ముందుగానే ముగించారు. 2016లో జపాన్ ఆరోగ్య శాఖ హెచ్చరిక కూడా జారీచేసింది. పని చేసే పదార్థమే హాని కూడా చేయగలదు. కలబంద గుజ్జు వేరు, తొక్క కింది పసుపు పాలు వేరు. ఆ పాలు, సునాముఖి వంటివి విరేచనకారులు కనుక పూత ఉన్న పేగుకు అవి పనికిరావు.

అపోహ: రక్తం పడితే అది మొలలే.

వాస్తవం: అమీబా, పేగు క్షయ, కొలైటిస్, మొలలు, క్యాన్సర్, అన్నింటిలోనూ రక్తం పడవచ్చు. మల పరీక్ష, కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూడడం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) లేకుండా ఇవి తేలవు. క్షయ ఉన్న పేగుకు కొలైటిస్ అనుకొని స్టెరాయిడ్ ఇస్తే ఆ క్షయ విజృంభిస్తుంది. కొలైటిస్ తేలినవారు రక్తం ఆగినా మెసాలమైన్ మానకూడదు. వ్యాధి మొదలై ఎనిమిదేళ్లు దాటినవారు క్యాన్సర్ వచ్చిందేమో చూసుకునేందుకు వైద్యులు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకోవాలి.

రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు రక్త విరేచనాలు అవుతూ, వాటికి తోడు జ్వరం గానీ, నిమిషానికి 90 దాటిన నాడి గానీ ఉంటే ఏ కషాయంతోనూ కాలయాపన చేయక అదే రోజు ఆసుపత్రిలో చేరండి. వచ్చేటప్పుడు వాడుతున్న పొడి, లేహ్యం, మాత్రల పొట్లాలన్నీ వెంట తెచ్చి వైద్యుడికి చూపించండి.