కీమో బాధలు: ఓర్చుకోవడం గొప్ప కాదు (అపోహలు - వాస్తవాలు)

క్యాన్సర్‌కు మందులెక్కించే కీమోథెరపీ వార్డులో నర్సుగా పనిచేస్తున్న నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట, "ఈ మందుకు ఇలాగే ఉంటుందిలే అని ఊరుకున్నానమ్మా" అన్నది.

అపోహ: వాంతుల మాత్ర వాంతి అయ్యాకే వేసుకోవాలి.

వాస్తవం: రెండో సైకిల్‌కు, అంటే రెండో విడత కీమోకు వచ్చిన ఒక పెద్దావిడ ఒక్క మాత్ర కూడా చింపని ఒండాన్‌సెట్రాన్ (వాంతులు రాకుండా ఆపే మందు) స్ట్రిప్పును చేతిసంచిలోంచి తీసి, "మరీ తట్టుకోలేనప్పుడు వేసుకుందామని దాచాను తల్లీ" అన్నారు. అప్పటికి ఆవిడ గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. వాంతిని రాకుండా ఆపడం తేలిక, మొదలయ్యాక అణచడం కష్టం. అందుకే చీటీలో రాసిన రోజులన్నీ, వికారం లేకపోయినా, ఆ మాత్రను వేళకు వేసుకోవాలి. దానివల్ల మలబద్ధకం వస్తే అదీ చెప్పండి, దానికీ మందు ఉంది.

అపోహ: జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని తెల్లవారేదాకా చూడవచ్చు.

వాస్తవం: నేను అందరికన్నా ముందు ఇంటివాళ్లకు చెప్పేది ఇదే. చాలా రకాల కీమోల తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్ సోకినా చీము పట్టకపోవచ్చు, వాపు రాకపోవచ్చు. ఒక్కోసారి జ్వరమే ఏకైక గుర్తు, దాన్ని మాత్రతో అణచివేస్తే లోపల ముదురుతున్నది ఎవరికీ తెలియదు. థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ కనిపిస్తే రాత్రి రెండు గంటలైనా బయలుదేరండి. క్యాజువాలిటీలో మొట్టమొదట "కీమో జరుగుతోంది" అని చెప్పండి, ఎందుకంటే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గంటలోపే పడాలి.

అపోహ: పథ్యంగా గుడ్డు, మాంసం, పప్పు మానేయాలి.

వాస్తవం: దెబ్బతిన్న కణజాలం మానడానికి మాంసకృత్తులే కావాలి కనుక బాగా ఉడికించిన గుడ్డు, మెత్తటి పప్పన్నం తప్పక పెట్టండి. నోరు పూసినప్పుడు మాత్రం ఆవకాయ, కారప్పొడులు పక్కన పెట్టి, గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా తినే సోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవారు కొన్ని రోజులపాటు ఫ్రిజ్‌లోని పెరుగు, చల్లటి నీళ్లు ముట్టుకోకూడదు. వేళ్లు, గొంతు తిమ్మిరెక్కుతాయి.

అపోహ: బాధలు చెబితే కీమో ఆపేస్తారు.

వాస్తవం: చెప్పకపోతేనే ఆపవలసి వస్తుంది. కేపసైటబీన్ అనే కీమో మాత్రలు వేసుకునేవారు అరికాళ్లు ఎర్రబడి మండిన రోజే ఫోన్ చేస్తే, డాక్టరుగారు కొన్ని రోజులు విరామమిచ్చి, అవసరమైతే డోసు తగ్గించి కొనసాగిస్తారు. చర్మం పగిలి, చెప్పులు వేసుకోలేని స్థితిలో వస్తే ఆ విరామం వారాలకు పెరుగుతుంది.