బాలసదనంలో చేర్చితే బిడ్డ దూరమైపోతుందా? అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒకామె మా గేటు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాదు. ఏడేళ్ల కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకటే ప్రశ్న: "మేడం, ఇక్కడ వేలిముద్ర వేస్తే పాపను ఎవరికో ఇచ్చేస్తారట కదా?"

శ్రీకాకుళం జిల్లాలో ఆడపిల్లల సదనంలో 12 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న వినని నెల లేదు. ఈ పుకారు ఎవరు పుట్టించారో గాని, పిల్లలకు అది చేసిన చేటు ఇంతా అంతా కాదు.

అపోహ: సదనంలో చేర్చిన పిల్లలను దత్తత ఇచ్చేస్తారు.

వాస్తవం: ఇవ్వరు. అసలు ఆ అధికారమే మాకు లేదు. బిడ్డ మా దగ్గర ఉండాలా వద్దా అన్నది కూడా జిల్లా బాలల సంక్షేమ సమితే (సీడబ్ల్యూసీ) తేలుస్తుంది. సంరక్షణ కోసం చేర్చడం వేరు, బిడ్డను వదులుకుంటున్నానని సమితి ఎదుట రాసివ్వడం వేరు. దాని పత్రమే వేరు. అది రాసిచ్చిన తల్లికి సైతం మనసు మార్చుకోవడానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం రెండు నెలల గడువు ఇచ్చింది. ఆ తర్వాతే దత్తతకు అర్హత ఉందని సమితి ప్రకటించాలి. 2021 సవరణ ప్రకారం చివరి ఉత్తర్వు కలెక్టరు ఇవ్వాలి. మీరు చేర్పించేటప్పుడు వేసే వేలిముద్రతో ఇవేవీ జరగవు. అనుమానం ఉంటే ఆ కాగితాన్ని చదివి వినిపించమని అడగండి. అడగడం మీ హక్కు.

ఒక సంగతి మాత్రం దాచను. ఏళ్ల తరబడి ఎవరూ తొంగి చూడకపోతే సమితి విచారణ జరుపుతుంది. అందుకే వలస వెళ్లినా సరే, వీలైనప్పుడల్లా వచ్చి చూడండి, పుస్తకంలో సంతకం చేయండి, ఫోను నంబరు మారితే చెప్పండి.

ఇదే భయంతో ఉద్దానం వైపు ఒక తల్లి చేసిన పని నన్ను ఇప్పటికీ వదలదు. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆమె పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి చీకటితో వెళ్లాలి. పిల్లను ఒంటరిగా వదలలేని ఇల్లు అది. సదనానికి ఇస్తే దక్కదని ఎవరో చెప్పగా, 'చదివిస్తాం' అన్న దూరపు బంధువుల వెంట పెద్ద కూతురిని నగరానికి పంపింది. ఏడాదిన్నర తర్వాత ఆ పిల్ల మా దగ్గరకు వచ్చింది. అంట్లు తోమీ తోమీ వేళ్ల సందులు ఒరిసిపోయి ఉన్నాయి. బడి ముఖం చూడలేదు. మా దగ్గరైతే రిజిస్టరుంది, తనిఖీ ఉంది. ఆ బంధువుల ఇంట్లో ఏముంది?

ఇబ్బంది డబ్బు ఒక్కటే అయితే బిడ్డను మా దగ్గరకు తేవద్దు. భర్తను పోగొట్టుకున్న తల్లి తన పిల్లలను ఇంట్లోనే ఉంచుకుని చదివించుకోవడానికి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టండి. దారి తెలియకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సదనంలో ఉన్నవారంతా అనాథలు కారు. మా పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు. ఆసుపత్రిలో ఎవరికో డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం దత్తత కాదు, 5 ఏళ్ల వరకు కఠిన జైలుశిక్ష పడే నేరం. పద్దెనిమిది నిండగానే వీధిలోకి నెట్టేయరు, 21 ఏళ్ల వరకు ఆసరా ఇచ్చే వీలుంది. పుట్టినరోజుకు అన్నం పెట్టడానికి వచ్చే దాతలూ, దయచేసి పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకండి. వారి గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది.

ఆయాలు జీతానికి వచ్చిపోయేవాళ్లేనన్న మాట వింటే మాత్రం నాకు కోపం ఆగదు. మా ఆయమ్మ అయిదింటికి లేచి ఇరవై రెండు తలలు దువ్వుతుంది. ఎవరికి పేలున్నాయో, ఎవరు రాత్రి పక్క తడిపారో ఆమెకే తెలుసు. రెండోది మరొకరికి తెలియకుండా దుప్పటి ఉతికి ఆరేస్తుంది. నగరం నుంచి వచ్చిన ఆ పిల్ల మొదట్లో ఉడికించిన గుడ్డు తినకుండా దిండు కింద దాచేది. వాసన వచ్చి గొడవైంది. ఆయమ్మ తిట్టలేదు. చిన్న స్టీలు డబ్బాలో అటుకులు పోసి తలగడ పక్కన పెట్టి, "ఇది నీదే తల్లీ, ఎవరూ తీయరు" అంది. మూడు నెలలకు ఆ డబ్బాకు చీమలు పట్టాయి. పిల్ల దాని మాటే మరిచిపోయింది. మొన్న బాలల దినోత్సవం నాడు సన్మానం అంటే శాలువా తెస్తారనుకున్నాను. పిల్లలు ఆయమ్మను మెట్ల మీద కూర్చోబెట్టి, తల దువ్వి జడ వేశారు. పాపిడి ఎటు తీయాలన్న దగ్గర కాసేపు పోట్లాట.

గేటు దగ్గరి తల్లికి ఇదంతా చెప్పాను. నెమ్మదిగా వరండా దాకా వచ్చింది. సాయంత్రం జడలు వేసే వేళ. కాసేపు చూసి, "మా పాపకు ఆముదం పడదు మేడం, కొబ్బరినూనె తెచ్చివ్వనా?" అని అడిగింది.