నాటుసారాలోకి మిథనాల్ ఎలా వచ్చింది?

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో కల్తీ సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ నాటుసారా కాచేవాళ్ల మొరటుతనం గురించే మాట్లాడుకుంటాం. కానీ ఆ చావులకు కారణం మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. బెల్లపు ఊటతో కాచిన సారాలో అది ఉండేది చాలా స్వల్పం. ఊళ్లకు ఊళ్లను పొట్టనబెట్టుకునేంత విషం సారా బట్టీలో పుట్టదు, ఫ్యాక్టరీ డ్రమ్ముల్లోంచి వస్తుంది.

శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ 1661లో కర్రను బట్టీలో వేడిచేసి, వచ్చిన ఆవిరిని చల్లార్చి మిథనాల్‌ను వేరుచేశాడు. 1923లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ గ్యాస్ నుంచి భారీ ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక చౌకైంది. ప్లైవుడ్ జిగురు, రంగులు, మందులు, బయోడీజిల్ ఇలా అది లేనిదే నడవని పరిశ్రమలు ఎన్నో.

సారాయితో దాని సంబంధం మాత్రం పన్నుతో మొదలైంది. పరిశ్రమలకు పన్నులేని స్పిరిట్ ఇస్తూ, దాన్ని ఎవరూ తాగకుండా మిథనాల్ కలపాలని బ్రిటన్ 1855లో చట్టం చేసింది. మద్యనిషేధం ఉన్న అమెరికాలో 1926 చివర ప్రభుత్వమే ఆ మోతాదు పెంచమంది. మనుషులు తాగుతారని తెలిసే విషం కలుపుతున్నారని న్యూయార్క్ నగర ప్రధాన వైద్య పరీక్షకుడు చార్లెస్ నారిస్ బాహాటంగా ఖండించాడు. ఆ కోపం న్యాయమైనదే.

మన దగ్గర కథ ఇంకా ఘోరం. 2022 జులైలో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. అహ్మదాబాద్ గోడౌన్ నుంచి దొంగిలించిన 600 లీటర్ల మిథనాల్‌లో నీళ్లు కలిపి అమ్మేశారని పోలీసులు చెప్పారు. అంటే అక్కడ సారా కాచిందే లేదు.

తాగినవాడికి తేడా తెలియదు. రుచి, వాసన, మత్తు అన్నీ దాదాపు మామూలు సారాలాగే ఉంటాయి. కాలేయం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చంపేదీ, కంటినరాన్ని కాల్చేదీ ఆ ఆమ్లమే. ఇందుకు 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. ఆలోగా ఆస్పత్రికి చేరితే ఆ మార్పును ఆపే ఫోమెపిజోల్ అనే మందు ఉంది, అది దొరక్కపోతే వైద్యుల పర్యవేక్షణలో ఇథనాల్ (మామూలు మద్యంలో ఉండే ఆల్కహాల్) ఎక్కిస్తారు, డయాలసిస్ చేస్తారు. ఎంత ఆలస్యమైతే కళ్లు దక్కే ఆశ అంత తగ్గుతుంది.

కళ్లకురిచి తర్వాత తమిళనాడు శిక్షను యావజ్జీవం దాకా పెంచింది. మంచిదే. కానీ మొదటి కేసు తెలిసిన గంటలోనే ఊళ్లో మైకు పెట్టి, తాగినవాళ్లందరూ బాగానే ఉన్నా సరే ఆస్పత్రికి రండి, కేసులు పెట్టం అని చెప్పే ఏర్పాటు ప్రతి జిల్లాలోనూ ఉండాలి. గోడౌన్లలో డ్రమ్ము డ్రమ్ముకూ లెక్క అడగాలి.