కెమెరా గ్రిప్ రబ్బరు లేచిందా? అపోహలు - వాస్తవాలు

డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొన్ని సీజన్ల పెళ్ళిళ్ళు చూసేసరికి బొటనవేలు ఆనే చోట రబ్బరు వదులై, అంచులు లేస్తాయి. లోపల సెన్సర్, షట్టర్ బాగానే ఉంటాయి. ఇంట్లోనే గంటలో చేసుకోగల పని ఇది. ఈ పనిలో కెమెరాలు చెడేది ఎక్కువగా ఆ గంట ఓపిక పట్టకపోవడం వల్లే.

అపోహ: ఒక చుక్క ఫెవిక్విక్ వేస్తే చాలు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఆ జిగురు ఆరితే పెళుసెక్కుతుంది. రబ్బరు పట్టుకున్నప్పుడల్లా వంగుతుంది కాబట్టి జిగురు పగిలి అంచు మళ్ళీ లేస్తుంది. దాని ఆవిరి పక్కనున్న నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి మచ్చగా పేరుకుంటుంది. పైగా చాలా మోడళ్లలో బాడీ విప్పే స్క్రూలు కొన్ని ఆ రబ్బరు కిందే ఉంటాయి. రేపు షట్టర్ మార్చాల్సివస్తే రబ్బరు చింపి, స్క్రూ తలల్లో గట్టిపడ్డ జిగురు గీకాలి.

వాడాల్సింది సన్నని డబుల్ సైడ్ టేపు. మందం 0.1 నుంచి 0.17 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది; 3ఎం కంపెనీ 300ఎల్‌ఎస్‌ఈ రకం టేపు ప్లాస్టిక్‌కు బాగా పడుతుంది. ఒక మిల్లీమీటరు ఫోమ్ టేపు వాడితే రబ్బరు ఎత్తుగా నిలిచి, అంచులు గాడిలో కూర్చోవు.

ముందు బ్యాటరీ, కార్డు తీయండి. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద అడుగు దూరం నుంచి అర నిమిషం తిప్పి, పాత ఏటీఎం కార్డు ముక్కతో మూల నుంచి రబ్బరు లేపండి. స్క్రూడ్రైవర్ వద్దు, గీతలు పడతాయి. పాత జిగురును వేలితో రుద్దితే ఉండలు కట్టి వస్తుంది. మిగిలినదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. ద్రవాన్ని కెమెరా మీద నేరుగా పోయకండి. పూర్తిగా ఆరాక రబ్బరు వెనుక టేపు అతికించి, అంచు వెంబడి కత్తిరించండి. టేపు అంచుదాకా రాకపోతే మళ్ళీ లేచేది అక్కడే. గాడిలో పెట్టి ఒక్కోచోట 20 సెకన్లు గట్టిగా నొక్కండి. ఒక రోజు కదపకండి. టేపుకు పూర్తి పట్టు రావడానికి సుమారు మూడు రోజులు పడుతుంది.

అపోహ: రబ్బరు లేచిందంటే జిగురు పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు ఉబ్బింది రబ్బరే. చేతి జిడ్డు, సన్‌స్క్రీన్, డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు పీల్చుకుని సాగుతుంది. టేపు వేయకముందే ఉత్త రబ్బరును గాడిలో పెట్టి చూడండి. అంచు మిల్లీమీటరు బయటికి పొడుచుకొస్తే ఏ టేపూ దాన్ని ఆపలేదు. ఆ మోడల్‌కు సరిపడే కొత్త ముక్క కొనడమే మేలు. వెనుక టేపుతోనే వచ్చినా, పైకాగితం తీయకముందే ఒకసారి అమర్చి చూసుకోండి.

అపోహ: రబ్బరు మీద తెల్లటి పొడి పట్టిందంటే ఫంగస్.

వాస్తవం: చాలావరకు అది రబ్బరులో కలిపిన పదార్థాలు పైకి తేలినది. ఆల్కహాల్ గుడ్డతో తుడిస్తే పోతుంది, కొన్నాళ్లకు మళ్ళీ వస్తుంది.

అపోహ: జిగటగా మారితే పౌడర్ చల్లాలి.

వాస్తవం: జిగటెక్కేది సాధారణంగా అతికించిన రబ్బరు కాదు, ప్లాస్టిక్ మీద పూసిన సాఫ్ట్ టచ్ పూత. అందులోని పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పదార్థాన్ని గాలిలోని తేమ విడగొడుతుంది. పెట్టెలో వాడకుండా దాచినా ఇది తప్పదు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఉక్కలో మరీను. పౌడర్ వేస్తే మురికితో కలిసి ముద్దవుతుంది. పూతను తీసేయడమే దారి: ఆల్కహాల్ గుడ్డను రెండు నిమిషాలు ఆనించి ఉంచి, తర్వాత రుద్దండి. దాని మీద ముద్రించిన అక్షరాలూ పోతాయి, అందుకు సిద్ధపడండి. ఈ పని పొయ్యి దగ్గర చేయకండి. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్, పెయింట్ థిన్నర్ అసలే వద్దు. పూతతోపాటు కింది ప్లాస్టిక్‌నూ తినేస్తాయి.

అపోహ: కొత్త రబ్బరు వేస్తే వాన నుంచి రక్షణ తిరిగొస్తుంది.

వాస్తవం: నీటిని ఆపేది ప్రధానంగా లోపలి సీళ్లు. గ్రిప్ ఉన్నది పట్టు కోసం. అయితే రబ్బరు ఊడితే కింద స్క్రూ రంధ్రాలు బయటపడతాయి. కొత్త ముక్క వచ్చేదాకా కెమెరాను వానలోకి తీసుకెళ్ళకండి.