తేలని కేసు సినిమా: మా ఇంట్లోవాళ్ల మాటలు, ఒక పాత స్టేషన్ రైటర్ జవాబులు

సంక్రాంతి సెలవులకు ఒంగోల్లో మా ఇంట్లో పదిమందిమి చేరాం. మేనల్లుడు ఫోన్‌ని టీవీకి కలిపి 'మెమరీస్ ఆఫ్ మర్డర్' పెట్టాడు. 2003లో వచ్చిన కొరియా సినిమా. ఒక పల్లె చుట్టుపక్కల ఆడవాళ్లు వరసగా హత్యకు గురవుతుంటారు, అక్కడి పోలీసులు ఎవరినీ పట్టుకోలేక నానా అగచాట్లు పడతారు. సగానికే ముగ్గురు నిద్రపోయారు. మెలకువగా ఉన్నవాళ్లు సినిమా అయ్యాక నా మీద పడ్డారు, ఆ పోలీసుల తరఫున సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలన్నట్టు.

ప్రకాశం జిల్లా స్టేషన్లలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. సర్వీసులో సగం రైటర్‌గానే గడిచింది. రైటరంటే కథలు రాసేవాడనుకునేరు. ఎఫ్ఐఆర్ నుంచి సీడీ ఫైల్, అంటే కేసు డైరీ దాకా స్టేషన్ కాగితాలన్నీ వాడి నెత్తినే ఉంటాయి. ఆ రోజు మావాళ్లన్న మాటలు, నేను చెప్పిన జవాబులు ఇవి.

అపోహ: "అనవసరంగా సాగదీశాడు మావయ్యా. గంటలో తేల్చేయొచ్చు."

సాగదీయడం కాదురా, బాగా కుదించాడు. ఆ సినిమాకు ఆధారం హ్వాసాంగ్ అనే ఊళ్లో 1986 నుంచి 1991 వరకు జరిగిన పది హత్యలు. అన్నేళ్ల తిరుగుడుని రెండు గంటల పన్నెండు నిమిషాల్లో పెట్టాడు.

అంతదూరం ఎందుకు, మన ఒంగోలు సంగతే చూడండి. 2008లో హైవే మీద లారీలను అధికారుల్లా నటించి ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను చంపి పూడ్చేసి, సరుకు అమ్ముకున్న ముఠా కేసు గుర్తుందా? ఒంగోలు కోర్టు 12 మందికి మరణశిక్ష వేసింది 2021 మేలో. పట్టుబడిన కేసుకే, అదీ కింది కోర్టు తీర్పుకే, 13 ఏళ్లు. హైవే నేరంలో ఉండే చిక్కు వేరు. చనిపోయినవాడిది ఒక రాష్ట్రం, బండి బయల్దేరింది ఇంకో రాష్ట్రం, పోయింది మన దగ్గర. శవం కనిపించదు. ఫిర్యాదు ఎక్కడో వేరే స్టేషన్‌లో ఉంటుంది. ఆ రెండు కాగితాలు ఒక టేబుల్ మీదికి వచ్చేదాకా ఇక్కడ నేరం జరిగిందని కూడా తెలియదు.

ఇంకోటి. దర్యాప్తు మంచి ఊపులో ఉన్నప్పుడే బందోబస్తు డ్యూటీ పడుతుంది. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు పక్క జిల్లా నుంచి మమ్మల్నీ పంపేవాళ్లు. స్వర్ణాల చెరువు దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టి నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తే, మనం వెతుకుతున్న సాక్షి ఊళ్లో ఉండడు, పనులకు పోయుంటాడు. సినిమాలో ఇది చూపిస్తే మీరు "లాగ్" అంటారు.

అపోహ: "ఆ పోలీసులు ఒట్టి మొద్దులు. కళ్లముందు ట్రాక్టర్ పోయి కాలిముద్ర చెరిపేస్తే చూస్తూ నిలబడ్డారు."

ఆ సీన్ దగ్గర మా వాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చాలా ఏళ్ల కిందట ఒక ఊరి పొలాల్లో శవం పడుందని కబురొచ్చింది. మేం చేరేసరికి పొద్దెక్కింది. గట్టు మీద రెండొందల మంది. శవం పడున్న చోట లేదు, వేపచెట్టు నీడలో ఉంది, పైన దుప్పటి కప్పి. ఎండలో పడుందని జాలిపడి నలుగురు మోసుకొచ్చి పడుకోబెట్టారట. మట్టి కొట్టుకుపోయిందని ఎవరో ముఖం కడిగారు. చెడ్డ ఉద్దేశం ఒక్కరికీ లేదు. ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ జిల్లా కేంద్రం నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం. మధ్యవర్తులను, అంటే సాక్షులుగా సంతకం పెట్టేవాళ్లను కూర్చోబెట్టి, అక్కడ కనిపించింది కనిపించినట్టు పంచనామా రాసింది నేనే. "శవము ఉన్న స్థలము" అన్న చోట ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఆ కేసు తేలలేదు. నన్నడిగితే అది మొదటి మూడు గంటల్లోనే పోయింది. ఆ తర్వాత మేం తిరిగిన రెండేళ్లూ కాగితం కోసమే.

అపోహ: "నాలుగు తగిలిస్తే వాడే ఒప్పుకునేవాడు."

ఒప్పుకుంటాడు. చేయనివాడు కూడా ఒప్పుకుంటాడు, తంటా అక్కడే. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని 1872 సాక్ష్యాధార చట్టం 25వ సెక్షన్‌లోనే ఉండేది. 2024 జులై నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే 23వ సెక్షన్. ఆ మాటను బట్టి కత్తో, నగో దొరికితే అంతవరకే పనికొస్తుంది.

హ్వాసాంగ్ ఎనిమిదో హత్యలో ఒకతని చేత అలాగే ఒప్పించారు. సుమారు ఇరవై ఏళ్లు జైల్లో ఉన్నాడు. 2020 డిసెంబర్‌లో నిర్దోషి అని తేల్చారు. మా తోడల్లుడు "అయితే నార్కో చేయొచ్చుగా" అన్నాడు, మందిచ్చి మత్తులో నిజం చెప్పించే పరీక్ష. మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

అపోహ: "డీఎన్ఏ ఉంటే ఒక్కరోజులో దొరుకుతాడు."

డీఎన్ఏ గానీ, వేలిముద్ర గానీ తాళం లాంటిది. పోల్చడానికి రెండోది కావాలి. పాత నేరస్తుల రికార్డులో లేనివాడు మొదటిసారి నేరం చేస్తే, ముద్ర ఎంత చక్కగా దొరికినా ఎవరిదని చెప్పాలి? దేశం మొత్తం ముద్రలను ఒకచోట వెతికే నాఫిస్ వచ్చింది 2022లో. అంతకుముందు పక్క రాష్ట్రం దొంగ మనకు కొత్తవాడే.

కొరియాలో దాచిపెట్టిన పాత నమూనాలు 2019లో మళ్లీ పరీక్షిస్తే ఒకడితో సరిపోయాయి. వాడు మరదలిని చంపి 1994 నుంచి జైల్లోనే ఉన్నాడు. సినిమా వచ్చి అప్పటికి 16 ఏళ్లు.

అపోహ: "పోలీసు కుక్క వాసన చూసి పట్టేస్తుంది." రోడ్డు దాకా వెళ్తుంది, అక్కడ కూర్చుంటుంది. బండెక్కి పోయాడని అర్థం. ఒక్కోసారి టీ బంకు దగ్గర కూడా కూర్చుంటుంది. దాని మీద ఒక్కదాని మీదే శిక్షలు పడవు.

అపోహ: "క్లైమాక్స్ లేదు, మోసం. ఫైలు మూసేశారంతే."

ఆధారం దొరకని కేసును మేం 'యూఎన్' అంటాం, అన్‌డిటెక్టెడ్ అని. కోర్టుకు అలాగే రిపోర్టు పోతుంది. మూతపడ్డట్టే కనిపిస్తుంది గానీ, కొత్త సంగతి తెలిస్తే మళ్లీ తెరవచ్చు. మన దేశంలో హత్యకు కాలపరిమితి లేదు. కొరియాలో అప్పట్లో 15 ఏళ్లే గడువు. అందుకే 2019లో మనిషి దొరికినా ఆ హత్యలకు శిక్ష వేయలేకపోయారు, 2006కే గడువు తీరిపోయింది.

అపోహ: "హంతకుడు ఎప్పటికైనా ఆ చోటికి తిరిగొస్తాడు."

నా సర్వీసులో ఒక్కడూ రాలేదు. వచ్చింది చనిపోయినవాళ్ల తాలూకు వాళ్లే. ఆ వేపచెట్టు కేసులో వాళ్లమ్మ ఏటా ఉగాది వెళ్లాక స్టేషన్‌కు వచ్చేది. ఎస్ఐలు మారిపోయేవాళ్లు, ఆమెకు తెలిసిన ముఖం నాదొక్కటే. "ఏమన్నా తెలిసిందా నాయనా" అనేది. బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెప్పించేవాణ్ని. నాకు వేరే స్టేషన్‌కు బదిలీ అయినప్పుడు కొత్తవాడికి అప్పగించే ఫైళ్ల చార్జి లిస్టులో ఆ ఫైలు నంబరు రాసి, పక్కన పెన్సిల్‌తో ఆమె సంగతి కూడా రాసి, కొత్త రైటర్‌కి అప్పజెప్పాను.