తిన్నది ఒంటికి పట్టించే సూది

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయి ఆసుపత్రి మంచం మీద చావుకు దగ్గరలో ఉన్నాడు. బరువు 30 కిలోలు కూడా లేదు. అతనిది మధుమేహం. రక్తం నిండా చక్కెర ఉన్నా అది కండరాలకు అందడం లేదు. శరీరం తన కండనే కరిగించుకుని కాల్చుకుంటోంది. పశువుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్ సారాన్ని జనవరి 11న మొదటిసారి ఎక్కించారు కానీ అది అంతగా పని చేయలేదు. జీవరసాయన శాస్త్రవేత్త జేమ్స్ కోలిప్ దాన్ని మరింత శుద్ధి చేశాక 23న మళ్ళీ ఇచ్చారు. చక్కెర దిగివచ్చింది. ఆ అబ్బాయి మరో 13 ఏళ్ళు బతికాడు.

చిక్కిపోయిన పిల్లలను చూసి మనం "తిన్నది ఒంటికి పట్టడం లేదు" అంటాం. ఇన్సులిన్ పనిని ఇంతకన్నా బాగా చెప్పే మాట నాకు తెలియదు. భోజనం చేయగానే క్లోమం నుంచి వెలువడే ఈ హార్మోను కండరకణం పైపొరను తాకుతుంది. అప్పటిదాకా కణం లోపల దాగి ఉన్న గ్లూట్-4 అనే ప్రోటీన్లు పైకి తేలి వచ్చి గ్లూకోజును లోపలికి చేరవేస్తాయి. అప్పటికి అక్కరలేనిది గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది. అంతేకాదు, కండరంలోని ప్రోటీన్ విరిగిపోకుండా కూడా ఇన్సులిన్ అడ్డుపడుతుంది. అది లేకనే లియొనార్డ్ అంతగా చిక్కిపోయాడు.

కండలు పెంచే పోటీల్లో ఉన్నవారిని ఆకర్షించింది కూడా ఈ గుణమే. స్టెరాయిడ్లు, గ్రోత్ హార్మోను కొత్త కండను కడుతుంటే ఇన్సులిన్ దాన్ని కరగనివ్వదని, వ్యాయామంతో ఖర్చయిన గ్లైకోజెన్‌ను త్వరగా నింపుతుందని వారి లెక్క. అయితే ఆరోగ్యవంతుడి క్లోమం భోజనం తర్వాత సహజంగా వదిలే ఇన్సులిన్‌తోనే ప్రోటీన్ విరిగిపోవడం చాలావరకు తగ్గిపోతుంది. ఆపైన సూదితో ఎక్కించుకునేదాని వల్ల వచ్చే లాభం కన్నా ప్రమాదమే ఎన్నో రెట్లు ఎక్కువ.

1998లో నగానో శీతాకాల ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు రష్యా జట్టు వైద్యాధికారి ఒకరు, ఇన్సులిన్ వాడకం మధుమేహం ఉన్నవారికే పరిమితమా అని ఆరా తీశారు. ఆ ప్రశ్నతో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అప్రమత్తమై ఇన్సులిన్‌ను నిషేధిత జాబితాలో చేర్చింది. నేటికీ పోటీల సమయంలోనే కాదు, ఏడాది పొడవునా అది నిషేధమే.

నిషేధించడం ఒక ఎత్తు, పట్టుకోవడం మరో ఎత్తు. బ్రిటిష్ పరుగువీరుడు డ్వెయిన్ చాంబర్స్ 2003లో టీహెచ్‌జీ అనే స్టెరాయిడ్‌తో దొరికిపోయాడు. అతనికి మందులు సమకూర్చిన విక్టర్ కాంటే 2008లో రాసిన లేఖలో ఆ స్టెరాయిడ్‌తో పాటు మరికొన్ని పేర్లు చెప్పాడు. వాటిలో ఇన్సులిన్ ఉంది. ఏ పరీక్షా దాన్ని పట్టుకోలేదు.

కారణం ఉంది. రక్తంలో చేరిన ఇన్సులిన్ నాలుగైదు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. ప్రయోగశాలలో తయారైన మానవ ఇన్సులిన్‌కూ మన క్లోమం తయారుచేసేదానికీ అణువులో తేడా లేదు. అయినా ఒక ఆనవాలు మిగులుతుంది. క్లోమం మొదట ఒక పొడవైన గొలుసును తయారుచేసి దాన్ని కత్తిరిస్తుంది. అప్పుడు ఒక్కో ఇన్సులిన్ అణువుతో పాటు ఒక్కో సి-పెప్టైడ్ ముక్క కూడా బయటికి వస్తుంది. సీసాలోని ఇన్సులిన్‌కు ఆ ముక్క తోడు ఉండదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా, సి-పెప్టైడ్ తక్కువగా కనిపిస్తే అది సూదితో వచ్చిందని వైద్యులు అనుమానిస్తారు. లిస్‌ప్రో వంటి కొత్త రకాల్లో అమైనో ఆమ్లాలను మార్చి ఉంచారు కాబట్టి అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పరికరం వాటిని గుర్తుపట్టగలదు.

నిజంగా అవసరమైన క్రీడాకారులకు ముందస్తు అనుమతితో మినహాయింపు ఉంది, ఉండి తీరాలి. 1997లో మధుమేహం బయటపడిన బ్రిటిష్ రోయింగ్ క్రీడాకారుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్ ఇన్సులిన్ తీసుకుంటూనే 2000లో సిడ్నీలో వరుసగా అయిదో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. వసీం అక్రమ్‌కు ముప్పై ఏళ్ళ ప్రాంతంలో ఈ వ్యాధి వచ్చింది. అయినా 2003 ప్రపంచకప్‌లో వన్డేల్లో 500 వికెట్ల మైలురాయి దాటాడు. వీరికి ఇన్సులిన్ అదనపు బలం ఇవ్వలేదు, మనందరికీ ఉన్నదాన్నే వారికీ ఇచ్చింది.

నన్ను భయపెట్టేది పతకాల పోటీ కన్నా వ్యాయామశాలల్లోని కుర్రవాళ్ళ సంగతి. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని చాలావరకు ఏళ్ళ తరబడి దెబ్బతీస్తాయి. ఇన్సులిన్ మోతాదు తప్పితే అదే సాయంత్రం ప్రాణం పోవచ్చు. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో మనం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతం తీసుకుంటుంది. అది ప్రధానంగా గ్లూకోజు మీదే ఆధారపడుతుంది, దాచుకునేదీ దాదాపు లేదు. రక్తంలో చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా దిగితే చెమటలు, వణుకు, ఆకలి మొదలవుతాయి. ఇంకా దిగితే మాట తడబడుతుంది, మూర్ఛ వస్తుంది, స్పృహ పోతుంది.

మన దగ్గర తప్పు జరగడానికి మరో దారి కూడా ఉంది. ఇక్కడ ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు అని రెండు బలాల్లో దొరుకుతుంది. మొదటిదాని సిరంజికి ఎర్రమూత, రెండోదానికి నారింజరంగు మూత. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో తీస్తే, గీతల ప్రకారం సరిగ్గానే తీసినా ఒంట్లోకి రెండున్నర రెట్లు వెళుతుంది.

వ్యాయామం తర్వాత ఎవరైనా చెమటలు కక్కుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడే చక్కెర నీళ్ళు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. ఆసుపత్రిలో వైద్యులకు ఇన్సులిన్ మాట దాచకుండా చెప్పాలి. గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్నవాడిని వెంటనే ఇంటికి తీసుకుపోకూడదు. దీర్ఘకాలం పనిచేసే రకమైతే చర్మం కింద ఇంకా మిగిలి ఉన్న మందు, అర్ధరాత్రి చక్కెరను మళ్ళీ కిందికి లాగుతుంది.